కంటి రెప్ప మీద లక్ష్మి

ఆ రోజుల్లో అద్దం ముందు నిలబడ్డానంటే మీసం సరిగ్గా ఉందా, జుట్టు లేచి నిలబడిందా అని చూసుకోవడమే తప్ప, రెప్పల మీద ఏముందో వెతుక్కునే వయసు కాదు నాది. రేణిగుంటలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తాగా కొత్తగా చేరాను. ఊరు నగరి కాబట్టి పొద్దున్నే రైలెక్కి పోవడం, సాయంత్రం రైలు దిగి ఇల్లు చేరడం. గాలి గట్టిగా వీస్తే పడిపోయేట్టు ఉండేవాణ్ణి. అలాంటి నాకు పై రెప్పల మీద, ముక్కుకు దగ్గరగా, పసుపు ముద్ద అంటించినట్టు రెండు మచ్చలు తేలాయి. నొప్పి లేదు, దురద లేదు. సబ్బుతో తోమినా పోలేదు. మా ఇంట్లోనే ఉండే మేనత్త వెల్లుల్లి నూరి పూసింది. మచ్చలు అలాగే ఉన్నాయి గానీ, చుట్టూ ఉన్న మంచి చర్మం ఊడొచ్చింది (ఆ వారమంతా నన్ను చూసినవాళ్ళు ఎవరితో తగాదా పడ్డావని అడిగారు).

అవి మచ్చలు కావని కనిపెట్టింది మా ఓనరు. ఒకరోజు మామిడికాయల లోడు గేటు దాటుతుంటే నేను టీ గ్లాసులతో ఎదురొచ్చాను. ఆ బండి చెన్నైలో సరుకు దించి, ఎప్పుడూ లేనిది అదే రోజు తిరుగు లోడుతో వచ్చింది. ఓనరు నన్ను వెలుతురులోకి లాగి, గడ్డం పట్టుకుని రెప్పలు పరీక్షించాడు. "ఏమప్పా, ఇంత బంగారం కండ్ల మీద పెట్టుకోని యాడ తిరగతా ఉండావు? లక్ష్మి వచ్చి కూసోని ఉండాది సూడు!" అన్నాడు. ఆనాటి నుంచి ప్రతి లారీకీ నేనే ఎదురు. "రాప్పా, బండి కదలతా ఉండాది!" అని కేక వినపడగానే, తింటున్న అన్నం వదిలేసి రోడ్డు అవతలికి పరిగెత్తి, అక్కడి నుంచి ఏమీ ఎరగనట్టు నెమ్మదిగా నడుచుకుంటూ రావాలి (శకునం అనుకోకుండా వస్తేనే ఫలిస్తుందట. అందుకని అనుకోనట్టు నటించడం కూడా నా ఉద్యోగమైంది). డ్రైవర్లు నాకు దండం పెట్టేవాళ్ళు. నాకు లోపల సిగ్గుగానూ ఉండేది, బాగానూ ఉండేది. మా నాయన మాత్రం మండిపడేవాడు. బతుకంతా మరమగ్గాల దగ్గర గడిపిన మనిషి, శకునాలంటే గిట్టదు. "నిన్ను సదివిచ్చింది దీనికారా? పిల్లి మాదిరి బండ్లకు అడ్డం పొయ్యేదానికా?" అనేవాడు.

కంప్యూటర్ చూసి చూసి తలనొప్పి వస్తోందని తిరుపతిలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆమె నా చూపు సంగతి పక్కన పెట్టి రెప్పలు చూసింది. "ఇవి ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయి?" అని అడిగింది.

"రెండేళ్ళుగా ఉండాయి మేడం. బాగా పనిచేస్తా ఉండాయి" అన్నాను గర్వంగా.

ఆమె దానికో పొడుగాటి పేరు చెప్పింది. నేను మెట్లు దిగేలోపే మర్చిపోయాను. అది చర్మం కింద చేరిన కొలెస్ట్రాల్ అట. దానివల్ల కంటికేమీ కాదట. కొందరికి రక్తం మామూలుగానే ఉంటుందట, కొందరికి మాత్రం కొవ్వు ఎక్కువగా ఉంటుందట, పరీక్ష చేస్తేగాని తెలియదట. పరీక్ష చేస్తే నాకు బాగా ఎక్కువే ఉందని తేలింది.

"నాకు కొవ్వా మేడం? నన్ను సూసినారు కదా!"

"సన్నగా ఉన్నా వస్తుందయ్యా. వంశంలో ఉంటే వస్తుంది."

"అయితే ఈ మచ్చ తీసేస్తే కొవ్వు పోతుందా?"

"పోదు."

"మాత్ర మింగితే మచ్చ పోతుందా?"

"చాలామందికి పోదు."

"తీసేస్తే మళ్ళీ రాదు కదా?"

"రావచ్చు."

ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. రోగం ఒకచోట, మచ్చ ఒకచోట, మందు ఇంకోచోట. నేనేమో లక్ష్మినో, రోగినో తెలియక నిలబడ్డాను. చివరికి ఆమే అడిగింది, "మీ నాన్నగారికి ఉన్నాయా ఇలాంటివి?" అని. అప్పుడు తట్టింది, నాయన ముఖం అద్దాలు లేకుండా నేనెప్పుడూ సరిగ్గా చూడలేదని. దారం పోగులు చూసీ చూసీ ఆయనకు సీసా అడుగంత మందం అద్దాలు. పడుకుంటే ముఖం మీద తువ్వాలు.

ఇంటికి రాగానే అద్దాలు తీయమన్నాను. "నీకేమన్నా పిచ్చా?" అన్నాడు నాయన. మేనత్తే తమ్ముడి ముఖం మీది నుంచి చటుక్కున లాగేసింది. నా మచ్చల కంటే పెద్దవి, రెండు కళ్ళకీ ఉన్నాయి. అత్త మురిసిపోయింది. "మన వంశంలో లక్ష్మి కండ్ల మీదనే ఉంటాదిరా. మా నాయనకూ ఉండె. ఏం లాభం, వయసులోనే మగ్గం మీదనే గుండె పట్టుకోని ఒరిగిపాయ" అంది.

నాయన అద్దాలు లాక్కుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఈ మధ్య మేడ మెట్లెక్కితే నాయనకు రొమ్ము పట్టేసినట్టు ఉంటోంది. గ్యాస్ అని సోడా తాగి ఊరుకుంటున్నాడు. నాకు ఆ రాత్రి నిజంగా భయం వేసింది. తెల్లారి నుంచి పరీక్షకు రమ్మని బతిమాలాను. కంటి మీది మచ్చకూ గుండెకూ ఏం సంబంధమంటాడు. విసిగి విసిగి చివరికి, "నీ కంటి మీది లక్ష్మిని తీయించుకో ముందు. శకునాల పని మానుకుంటివంటే నేనూ వస్తా" అన్నాడు. మచ్చ తీయించినంత మాత్రాన నా ఒంట్లో ఏమీ మారదని డాక్టరు చెప్పినా, నాయన్ని కదిలించే మందు అదొక్కటే అయింది.

ఓనరు గుండె బాదుకున్నాడు. "నా బండ్లు ఏం గావాలప్పా? ఒక కన్నన్నా ఉంచుకో!" అన్నాడు. ఉంచుకోలేదు. చర్మం డాక్టరు ఏదో మందు అద్దితే మచ్చలు మాడి నల్లగా చెక్కు కట్టాయి. ఇక బండి కదిలే వేళకు, నల్ల చెక్కుల ముఖం అపశకునమని ఓనరు నన్ను లోపలి గదిలోకి పంపి తలుపు వేయించేవాడు. దండం పెట్టిన డ్రైవర్లే, నేను లోపలున్నానా లేదా అని కిటికీలోంచి చూసుకుని మరీ బండి తీసేవాళ్ళు. మనసు చివుక్కుమంది. అయినా నాయన మాట తప్పలేదు, నాతో వచ్చాడు. గుండె రక్తనాళం ఒకటి దాదాపు మూసుకుపోయిందని, వెంటనే స్టెంటు వేయాలని చెప్పారు.

చక్రాల మంచం మీద లోపలికి తోసుకెళ్తుంటే నాయన చెయ్యెత్తి ఆపించాడు. నన్ను దగ్గరికి పిలిచి, ఎవరికీ వినపడకుండా, "రేయ్, నువ్వు ఆ పక్కకు పొయ్యి ఎదురు రారా" అన్నాడు.

"లక్ష్మి ఇప్పుడు లేదు కదా నాయనా, కాల్చేసినారు. చెక్కులే ఉండాయి."

"ఉంటే ఏమి, లేకుంటే ఏమి. నువ్వు రా."

వరండా చివరికి పరిగెత్తి వెనక్కి తిరిగాను. అన్ని లారీలకు ఎదురొచ్చినవాణ్ణి, ఆ రోజు ఏమీ ఎరగనట్టు నడవడం చేతకాలేదు. ముక్కు తుడుచుకుంటూ వచ్చాను. "ఏడస్తా ఎదురొస్తారా ఎవురన్నా!" అని కసిరి, నవ్వుతూ లోపలికి వెళ్ళాడు నాయన.

ఇప్పుడు ఇద్దరం రోజూ మాత్ర మింగుతున్నాం. ఆయన సణుక్కుంటూ మింగుతాడు, నేను ఆయనకు గుర్తు చేసి నేను మర్చిపోతాను. శకునాలు నేను నమ్మను. కానీ నాయన పరీక్షలకు తిరుపతి బయలుదేరే పొద్దున, ఇంట్లో పాలున్నా సరే, పాల ప్యాకెట్ కోసమని వీధి చివరిదాకా వెళ్ళి నెమ్మదిగా నడిచి వస్తాను. ఆయన కూడా నన్ను చూడనట్టే, నేను గేటు దాకా వచ్చేవరకూ చెప్పులు వెతుక్కుంటూ ఉంటాడు.