బీరువాలో బిగిసిన గిటారు రాడ్డు

వాగ్దేవికి నమస్కరించి, కన్నది కన్నట్టుగా వ్రాస్తున్నాను. ఇది జరిగింది క్రోధి నామ సంవత్సర కార్తీక బహుళ చవితినాడు.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. తెలుగు పండితునిగా బ్రతికినవాణ్ణి. ఆధారం లేని మాటను అంగీకరించే అలవాటు నాకు లేదు.

హాలియాలో మా చెల్లెలి కొడుకు శ్రీకాంతు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. జ్వరం ముదిరి దవాఖానలో పోయాడు.

మూడవనాడు కాలువ గట్టున విస్తరి వేసి పిట్ట కోసం ఎదురుచూశాము. పోయినవానికి తీరని దిగులేదో ఉంటే పిట్ట ముట్టదంటారు. కాకులు చుట్టూ వాలాయి గాని మెతుకు ముట్టలేదు. కోడలిని కడుపులో పెట్టుకొని చూసుకుంటానని మా చెల్లెలు మాట యిచ్చినా కదలలేదు. అందరి చూపులూ ఆ కోడలు స్వప్న మీదికి మళ్లాయి. శ్రీకాంతు మేనత్త పైకే అనేసింది.

"వాని రంది దీనితోనే ఉన్నట్టుంది. ఏం జేసిందో దాన్నే అడుగుండ్రి."

పిట్ట ముట్టకపోతే ఆ యింట స్వప్నకు ఇక చోటుండదని నాకు అర్థమైంది.

ఆమె విస్తరి ముందు కూర్చుని మెల్లగా అన్నది: "రాడ్డు వదులైందని నెల సంది నా పాణం తిన్నవు. నేను బిగిపిస్త తియ్యి. ఇగ తిను."

ఒక కాకి దిగివచ్చి తిన్నది.

ఆకలిగొన్న పక్షి ఎప్పటికైనా తింటుందని సరిపెట్టుకొన్నాను. నన్ను కలవరపెట్టింది తరువాతిది.

రాడ్డు అంటే గిటారు తీగల దాపున మరతో బిగించే ఇనుప చేయి. నొక్కితే స్వరం వణుకుతుంది. ముందురోజు దానిని నేనే కదిపి చూశాను. మరలు అరిగి, కదిలిన పన్ను వలె ఊగుతున్నది. వాని స్నేహితులు గిటారును అడుగుతుండడం నచ్చక, అప్పుడే బీరువాలో పెట్టి తాళంచెవి నా మొలత్రాటికి కట్టుకొన్నాను.

కాలువ నుండి వచ్చి, స్నానం చేసి, స్వప్న ఎదుటనే బీరువా తెరిచాను. బలమంతా పెట్టినా రాడ్డు కదలలేదు.

మొదట స్వప్ననే శంకించాను. మరొక తాళంచెవి ఉన్నదేమోనని చెల్లెలిని నిలదీశాను, లేదన్నది. భూతద్దం పెట్టి చూశాను. జిగురు లేదు, చుట్టిన దారమూ లేదు. నా అనుమానం స్వప్నకు తెలిసింది, అయినా నొచ్చుకోలేదు. ఆమె చింత వేరు.

"బిగిసే ఉంటే నేనేం బిగిపియ్యాలె, పెద్దనాయినా? మాటిచ్చిన గద."

దానిని ఎవరు బిగించారో నేటికీ చెప్పలేను.

పుష్య శుద్ధ తదియనాడు స్వప్న గిటారును నల్గొండకు తీసుకొనిపోయి, బిగిసివున్న రాడ్డును విప్పించి, మళ్లీ బిగింపజేసింది. మా చెల్లెలు తోడు వెళ్లింది.