గాలి లేని చోట అల

జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు కోసం నిలబడి ఉండగా రజిత ఫోను చేసింది. పలకరింపు కూడా లేకుండా, "మేడం పోయిందే" అంది. ఏ మేడం అని నేను అడగలేదు. చిన్నప్పటి నుంచి మా ఇద్దరికీ మేడం అంటే ఒక్కరే.

"పొద్దుగాల చాయ తాగుకుంట కూసున్న మనిషి గట్లనే పక్కకు ఒరిగిందట. నేను తంగళ్ళపల్లి పోతున్న. నువ్వు సీదా ఆడికే రా."

ఆఫీసుకు సెలవు చెప్పి సిరిసిల్ల బస్సు ఎక్కాను. దారి పొడుగునా నాకు మేడం ముఖం కన్నా ముందు ఒక సముద్రపు ఒడ్డే కళ్లలో మెదిలింది.

కోరుట్లలో మా ఆడపిల్లల బడికి ఆమె సైన్సు చెప్పడానికి వచ్చారు. తంగళ్ళపల్లి సాలోళ్ల బిడ్డ. వాళ్ల నాన్న ముందు చేతిమగ్గం, తర్వాత పవర్‌లూం నడిపినాయన. అందుకేనేమో, ఏది చెప్పినా ఆమె చేతిలో ఒక గుడ్డముక్క ఉండేది. అలల పాఠం నాడు పొడవాటి తెల్లబట్ట తెచ్చి, దాని మధ్యన ఎర్ర దారం కుట్టి, ఒక కొస నాకూ రెండో కొస రజితకూ ఇచ్చారు. "ఇదిలియ్" అన్నారు. విదిలించాను. బట్ట మీద ఒక మడత లేచి నా దగ్గర నుంచి రజిత దాకా పరుగెత్తింది.

"ఎర్రదారం రజిత దిక్కు పోయిందా?"

"లేదు మేడం. ఆడనే లేచింది, ఆడనే పడ్డది."

"గంతే. అల అస్తది బిడ్డ, నీళ్లు రావు. నీళ్లు ఉన్నకాడనే గుండ్రంగ తిరిగి ఊకుంటయి. నడిచేది గాలి ఇచ్చిన బలం."

మర్నాడు మమ్మల్ని మల్లాపూర్ దారిలోని చెరువుకు నడిపించుకుపోయారు. గాలి మా వీపుల వెనక నుంచి వీస్తోంది. మా కాళ్ల దగ్గర నీళ్ల మీద సన్నటి ముడతలు తప్ప ఏమీ లేవు. కట్ట మీదుగా చుట్టి అవతలి ఒడ్డుకు చేరేసరికి అక్కడ చిన్న చిన్న అలలు రాళ్లను కొడుతున్నాయి. గాలి అదే, చెరువు అదే. నున్నటి నీటి మీద గాలికి పట్టు దొరకదనీ, మొదట ముడత లేస్తే ఆ ముడత వీపును పట్టుకుని గాలి ఇంకా తోస్తుందనీ, నీటి మీద అది ఎంత దూరం ఉరికితే అల అంత పెరుగుతుందనీ అక్కడే అర్థమైంది. "గాలి జోరు ఒక్కటే చూడొద్దు. ఎంతసేపు కొట్టింది, ఎంత దూరం ఉరికింది, గది గూడ అడగాలె" అనేవారు. మనుషుల కోపం గురించి కూడా ఈ మాటే అనేవారు. ఎవరైనా గట్టిగా అరిస్తే, "ఎక్కన్నుంచి ఉరికచ్చిందో పాపం" అని నవ్వేవారు.

ఆ చలికాలంలోనే బడి నుంచి సముద్రం చూడటానికి వెళ్లాం. మాలో ఎవరమూ సముద్రం ఎరగం. సరుగుడు తోట పక్కన బస్సు దిగేసరికి ఎండ కాస్తోంది, ఆకు కదలడం లేదు. సముద్రం మేము భయపడినంత గోలగా లేదు. ఒక అల వచ్చి విరిగాక చాలాసేపు నీళ్లు చదునుగా పడుకునేవి. ఒక చరణం పాడుకునేంత ఎడం తర్వాత మరొకటి తాపీగా వచ్చేది. మేము చెప్పులు విడిచి పరుగెత్తబోతుంటే మేడం చేతులు చాచి అడ్డం నిలబడ్డారు.

"ఆగుండ్రి. ఎవ్వరు దిగద్దు."

హెడ్మాస్టరు గారికి అది నచ్చలేదు. "ఏంది మేడం! గాలి లేదు, మబ్బు లేదు. పిల్లలు ఇంత దూరం అచ్చింది ఒడ్డు మీద కూసునేటందుకా?"

"గాలి లేదు గాబట్టే వద్దంటున్న సార్. ఈ అలలు ఈడ పుట్టినయి గావు. ఎక్కడనో నడి సముద్రంల తుఫాను తిరుగుతున్నట్టుంది. అండ్ల చిన్నయి పెద్దయి అన్ని కలిసి పుడతయి. పొడుగు అలలు జల్ది నడుస్తయి, ముందుగాల గవే అస్తయి. నడుమ గింత ఎడం ఉన్నదంటే అవి శాన దూరం కెల్లి అచ్చినయే. ఒక్కొక్కపారి గవి కలిసి పెద్దగ లేస్తయి. జరసేపు చూద్దాం సార్. ఏం గాకపోతే నేనే దించుత."

పిల్లలు కొందరు ఏడుపు ముఖాలు పెట్టారు. "మేడం చదివిన పాఠం మన మీదికచ్చింది" అని ఎవరో గొణిగారు. చివరికి తోటలో కూర్చుని పులిహోర తిన్నాం. మేడం మాత్రం తినకుండా నీళ్ల వైపే చూస్తూ నిలబడ్డారు.

తిన్నాక రజిత ఎవరికీ చెప్పకుండా పళ్లెం కడుక్కుందామని ఒడ్డుకు వెళ్లింది. నీళ్లు అప్పుడు చదునుగానే ఉన్నాయి. ఇంకాస్త ముందుకు వంగి ఇసుకతో పళ్లెం తోముతోంది. దూరాన సముద్రం గీత ఒకచోట ఉబ్బినట్టు కనిపించింది. నాకది అల అని తెలియలేదు. మేడంకు తెలిసింది. చీర కుచ్చెళ్లు పైకి ఎత్తి పట్టుకుని ఆమె పరుగెత్తడం నేను చూడటం అదే మొదటిసారి.

నడిసంద్రంలో పొడవుగా సాగి వచ్చిన అల, అడుగున ఇసుక తగిలి వేగం తగ్గగానే పైకి లేస్తుందని ఆమె చెప్పేవారు. అది మా కళ్ల ముందే లేచింది. మేడం రజిత జడ దొరకబుచ్చుకున్న క్షణంలోనే ఇద్దరి మీదా విరిగింది. తెల్లటి నురుగు తప్ప ఏమీ కనబడలేదు. ఒడ్డున విడిచిన మా చెప్పులు, సంచులు తేలిపోయాయి. హెడ్మాస్టరు గారు, బస్సు డ్రైవరు నీళ్లలోకి ఉరికారు. వెనక్కి లాగే నీటిలో మేడం, రజిత దొర్లుతూ కనిపించారు. మేడం జడ వదల్లేదు. వాళ్లను పైకి లాగేసరికి వెనకాలే రెండో అల విరిగింది. మేము అప్పటిదాకా దిగుదామని మారాం చేసిన చోటంతా దాని కిందికి పోయింది.

మేడం కుడి మణికట్టు విరిగింది. రజితను తిడతారనుకున్నాం. తడిసిన చీరతో కూర్చుని, ఆ పిల్ల ముఖం మీద ఇసుక ఎడమచేత్తో తుడుస్తూ, "పళ్లెం పోతే పోయింది తియ్" అన్నారు. హెడ్మాస్టరు గారు తన శాలువా తెచ్చి ఆమె భుజాల మీద కప్పారు.

తిరుగు ప్రయాణంలో రజిత ఆమె భుజానికి ఆనుకుని అడిగింది: "మేడం, మీరు సముద్రం కాడికి మస్తుసార్లు అచ్చిండ్రా?"

"ఎక్కడిది బిడ్డ! నేను గూడ ఇయ్యాల్నే చూసిన."

ఆ చెయ్యి సరిగా అతకలేదు. పైకి లేచేది కాదు. అప్పటి నుంచి ఆమె బోర్డు కింది సగంలోనే రాసేవారు. పై సగంలో రాయాల్సి వస్తే రజితను పిలిచేవారు. చదువంటే పారిపోయే రజిత, రాసి రాసి, ఆ ఏడు సైన్సులో బడికే మొదటిది వచ్చింది. ఇప్పుడు తనూ బళ్లో పాఠాలు చెబుతోంది.

రిటైరయ్యాక మేడం తంగళ్ళపల్లికి వెళ్లిపోయారు. మొన్న వానాకాలంలో చూడటానికి వెళ్తే, చిక్కుడుకాయ ఒలుస్తూ కూర్చున్నారు. ఎన్నాళ్లుగానో మనసులో ఉన్నది అడిగాను: "ఆ నాడు మీకు భయం కాలేదా మేడం?"

కాసేపు ఒలవడం ఆపారు. "ఎందుకు గాలేదు? నేను చెప్పింది తప్పయితే అందరు నవ్వుతరని భయమైంది. నిజమైతే ఏం గావాలెనని గంతకంటె ఎక్కువ భయమైంది." మళ్లీ కాయ అందుకుని, "నవ్వితే నవ్వనీ అనుకున్న" అన్నారు.

నేను చేరేసరికి వాకిట్లో పాడె కట్టడం అయిపోయింది. రజిత గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది. వీధిలో ఏదో తేడాగా తోచింది. కాసేపటికి తెలిసింది: మరమగ్గాల చప్పుడు లేదు. పొద్దంతా ఆగకుండా కొట్టుకునే సాంచాలన్నీ ఎవరూ చెప్పకుండానే ఆగిపోయాయి. చూరు కింద పిచ్చుకల అరుపు వినిపిస్తోంది.

డప్పు ముందు నడిచింది. పాడె మలుపు తిరిగింది; మేమిద్దరం వాకిట్లోనే ఆగిపోయాం. ఎదురింటి షెడ్డు గుమ్మంలో ఒక ముసలాయన, కనుబొమల మీద దూది నలుసులతో, గోడకున్న సాంచాల స్విచ్చు మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నాడు. డప్పు చప్పుడు సన్నగిల్లి, సన్నగిల్లి, వినబడకుండా పోయింది. ఆయన చెయ్యి అక్కడే ఉంది, స్విచ్చు వెయ్యలేదు.