బాబాయ్ గీత

ఆ ల్యాబులో గీతలక్కను ఎరగనివాళ్లు లేరు. బ్లాట్ అనే పరీక్ష వేసి, పొరమీద తేలే ప్రొటీన్ గీతల్ని చూసి అది కుదిరిందో లేదో చెప్పడం ఆవిడ పని. పేరు అలా అతుక్కుపోయింది. గొంతు పెద్దది, చెయ్యి నిబ్బరమైనది. "నేను వేసిన బ్లాట్ తేలకపోవడమా? పొద్దు పడమట పొడిచినప్పుడు చూద్దాంలే!" అనేది. గొప్పలే, కాదనను. కాకపోతే చాలావరకు నిజమైన గొప్పలు.

ఆ చేతికి పని నేర్పింది బాబాయ్. సొంత బాబాయేం కాదు. గాజు సామాను కడగడంతో మొదలుపెట్టి టెక్నీషియన్ అయిన పెద్దాయన, అందరికీ బాబాయే. చివరికి వణుకుడు జబ్బు వచ్చి ఆయన చేతులు ఆయన మాటే వినడం మానేశాయి. మెదడులో కబుర్లు మోసే డోపమిన్ తగ్గిపోతే వచ్చే జబ్బది. ఆ డోపమిన్‌ను పని అయ్యాక విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది, మావో-బి అంటారు. ఆ ల్యాబు పరిశోధనంతా దానిమీదే. పోయేముందు బాబాయ్ గీతలక్కను పిలిచి చెప్పాడు.

"నా మెదడు మీకే రాసిచ్చానమ్మాయ్. ఆ విరగ్గొట్టేవాడు నాలో ఎంతున్నాడో చూడు. పాడుచేశావో, ఊరుకోను!"

ఇచ్చినదాంట్లో చాలావరకు వేరే పరీక్షలకు పోయింది. మిగిలింది ఒక్క బ్లాటుకు సరిపడేంత. అంతే, ఇక లేదు.

మావో-బిని వెతికి అంటుకునే యాంటీబాడీని ఈసారి కొత్తది తెప్పించారు. పాతది ఎలుకలో తయారైంది, ఇది కుందేలులో. అంటుకున్నంత మాత్రాన కంటికి కనబడదు. దాన్ని పట్టుకుని వెలుగు చూపించే రెండో యాంటీబాడీ పైన పొయ్యాలి, ఆ వెలుగు యంత్రం తెరమీద నల్లని గీతగా పడుతుంది. ఎలుకదానికి ఒకటి, కుందేలుదానికి వేరొకటి. పోయిన వారం వేరే నమూనాల మీద చూస్తే కొత్తది భేషుగ్గా పనిచేసింది. ఆ ధైర్యంతోనే ఇవాళ బాబాయ్ నమూనా వేసింది. పోల్చి చూడ్డానికి పక్క వరసల్లో ఒకటి ఎంజైమ్ ఉందని ముందే తెలిసిన మెదడు, ఇంకొకటి అసలు ఎంజైమే లేని కణాలు.

తెరమీద ఏమీ లేదు. ఒక్క గీతంటే ఒక్క గీత కూడా లేదు.

ల్యాబు పెద్ద మేడమ్ నిట్టూర్చింది. "బాబాయ్ నమూనా చెడిపోయినట్టుంది గీతలక్కా. ఏం చేస్తాం, వదిలేద్దాం."

 గీతలక్కకు ఒళ్లు మండింది. "బాబాయ్‌ని ఏమీ అనకండి మేడమ్! పక్కనున్న మంచి నమూనా కూడా తేలలేదుగా? అందరూ ఒకేసారి చెడిపోతారా? తప్పు నా దగ్గరే ఉంది."

విసవిసా బల్ల దగ్గరికి వెళ్లింది. రెండో యాంటీబాడీ సీసా ఇంకా ఐసులోనే ఉంది. ఎలుకది! ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి, కళ్లను అడక్కుండానే పాత సీసా అందుకుంది.

"ఛీ, నా మొహం మండా!" అని నాలుక కరుచుకుని, వెంటనే తేలిగ్గా నవ్వేసింది. "పరవాలేదు మేడమ్. మొదటిది అంటుకునే ఉంటుంది. కనబడకపోతే లేనట్టు కాదుగా. కడిగి, సరైనది పోస్తా."

పొరను ఓపిగ్గా కడిగి, కుందేలు సీసాను రెండుసార్లు పైకి చదివి మరీ పోసింది.

ఈసారి తెరమీద గీతలు తేలాయి. మంచి నమూనాలో గీత. ఎంజైమ్ లేని వరస శుభ్రంగా ఖాళీ. ఆ పక్కన బాబాయ్ గీత, లావుగా, నల్లగా.

"ఇదిగో బాబాయ్, నీ విరగ్గొట్టేవాడు. పాడుచెయ్యలేదు, చూసుకో!" అన్నది గీతలక్క. గొంతు మాత్రం ఎప్పటంత పెద్దగా లేవలేదు. చేతులకు గ్లవ్స్ ఉన్నాయి, ముఖం ముట్టుకోకూడదు.

"మేడమ్," అన్నది తెరమీంచి చూపు తిప్పకుండా, "కాస్త నా కళ్లు తుడిచిపెడతారా?"