మారు వడ్డన లేని పూట

నా చిన్నప్పుడు మా ఇంట్లో షుగర్ జబ్బు తాతయ్య ఒక్కడిదే అనుకునేవాళ్ళం. షుగర్ వచ్చిన మా ఆయన కోసం ఏళ్ళ తరబడి ముతకన్నం వండి వండి అలిసిపోయాక, అది ఇల్లంతటికీ వచ్చే జబ్బని నాకిప్పుడు తెలుస్తోంది.

అప్పట్లో తెనాలి పక్కన అంగలకుదురులో ఉండేవాళ్ళం. తాతయ్య కాలి బొటనవేలికి పుండు పడి ఎంతకీ మానలేదు. షుగర్ దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని తెనాలి డాక్టరు గారు చెప్పారు. మందులిచ్చి, తెల్లన్నం మాని దంపుడు బియ్యం తినమన్నారు. అదీ కొంచెమే, కూరా పప్పూ ఎక్కువగా కలుపుకుని. సొంత మాగాణి ఉన్న మనిషికి ముతకన్నం తినడం ఎంత నామోషీయో చెబితే ఈ కాలం వాళ్ళు నవ్వుతారు. అయినా తాతయ్య తిన్నాడు.

కాకపోతే డాక్టరు మాట సగమే విన్నాడు. దంపుడన్నం మంచిదే కదా అని రెండింతలు తినేవాడు. మా వైపు మజ్జిగన్నం పడందే భోజనం అయినట్టు కాదు. ఆ చివరి ముద్దలకు మాత్రం తెల్లన్నమే కావాలనేవాడు. అడ్డుపడితే కంచం తోసేసి లేచిపోయేవాడు. కట్టు విప్పినప్పుడల్లా నాయనమ్మ మొహం చూడలేకపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ ఎన్నడూ చేయని పని చేసింది. మగవాళ్ళు తిన్నాకే ఆడవాళ్ళు తినే ఇల్లు మాది. ఆ రోజు తాతయ్య కంచంలో గోంగూర పప్పు, బీరకాయ కూర నిండుగా వేసి, కాస్త దంపుడన్నం పెట్టి, పక్కన గ్లాసుతో మజ్జిగ ఉంచింది. తర్వాత నాకూ తనకూ అలాగే వడ్డించి, ఆయన ఎదురుగా కూర్చుంది. తాతయ్య తెల్లబోయాడు.

అన్నం అయిపోగానే అలవాటుగా, "మారు వడ్డించవే" అన్నాడు.

"ఎట్టా వడ్డించేది? చెయ్యి ఎంగిలైంది" అంది నాయనమ్మ, తలెత్తకుండానే.

తింటూ తింటూ అన్నం గిన్నె ముట్టుకోవడం మా ఇంట్లో మహా తప్పు. తాతయ్య నా వైపు చూశాడు. నాదీ ఎంగిలి చెయ్యే. గుర్రుమంటూ మజ్జిగ తాగి లేచాడు.

ఆ తర్వాత రోజూ అదే తంతు. తిట్టాడు, అలిగాడు, చివరికి అలవాటు పడ్డాడు. మందులూ తిండీ కలిసి పుండు నెమ్మదిగా మానింది. వేలు దక్కింది.

ఆ ముతకన్నం నాయనమ్మకు అసలు సయించేది కాదు, పైగా కదిలే పళ్ళు. నీకు షుగర్ లేదుగా, నీ మటుకు తెల్లన్నం వండుకోవచ్చుగా అని ఒకసారి అడిగాను.

"ఆయనొక్కడే తింటే పథ్యమే. మనమూ తింటే భోజనం" అంది విసుగ్గా.

నాయనమ్మ నుంచి నాకు దక్కిన ఆస్తి అదే. మా ఆయన ఎదురుగా నేనూ అదే అన్నం, అంతే పెట్టుకుని కూర్చుంటాను. నమిలి నమిలి దవడలు లాగేస్తాయి. కొన్ని పూటలు కంచం చూస్తేనే ఏడుపొస్తుంది. ఎంగిలి పట్టింపులు మా ఇంట్లో ఎప్పుడో పోయాయి. కావాలంటే ఆయన లేచి తనే వడ్డించుకోవచ్చు. వడ్డించుకోరు. నేను తినడం అయ్యేదాకా కూర్చుని, ఇద్దరి కంచాలూ తనే తీస్తారు.