బంద్ రోజు పేజీ

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. రిటైరైన నాలుగేళ్ళకు మతిమరుపు జబ్బు వచ్చింది. కర్మన్‌ఘాట్ గుడికని చెప్పి బయలుదేరేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో తేలి, ఆగిన ప్రతి బస్సు డ్రైవరునూ ‘ఇయ్యాల నా డ్యూటీ ఏ బండి మీద?’ అని అడిగేవాడు. ఎరిగిన కండక్టర్లెవరో తెచ్చి అల్మాస్‌గూడలో మా కిరాయి ఇంటి ముందు దించిపోయేవాళ్ళు. తెలంగాణ కోసం జనం రోడ్ల మీదికొచ్చిన రోజులవి.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఈ జబ్బుకు కొత్త మందు పరీక్ష జరుగుతోందంటే తీసుకుపోయాను. పెద్ద డాక్టరు నిదానంగానే చెప్పాడు. కొందరికి మందున్న గోలీ ఇస్తారట, కొందరికి ఉత్త పిండి గోలీ. ఎవరికేది పోతోందో డాక్టరుకు కూడా తెలియదట. పదిహేను రోజులకొకసారి రావాలి. ఇంట్లో మనిషి ఎట్లా ఉన్నాడో, తిన్నాడా, పడుకున్నాడా, కళ్ళు తిరిగాయా, పడ్డాడా, అంతా వెంట ఉండేవాళ్ళు ఒక పుస్తకంలో రాయాలి. ఆ రాతలు చూసే మందు సంగతి తేలుస్తారట.

నాకు చదువు రాదు. అట్లాంటివాళ్ళు ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేసేటప్పుడు పక్కన సాక్షి ఉండాలన్నారు. మా ఇంటి ఓనరమ్మ వచ్చి సంతకం చేసింది. ఆమెది గుంటూరు జిల్లా. పుస్తకం రాసే పని మాత్రం దవాఖానలో కాగితాలు చూసే ఉద్యోగి మీదేసుకున్నాడు. నేను చెప్పింది అతను రాయాలి, ప్రతి పేజీ కింద నేను వేలిముద్ర వేయాలి. ముప్పై ఐదేళ్ళుంటాయి, మా నల్లగొండ జిల్లా మనిషే. మా ఊరి పేరు చెప్పగానే ‘మనోల్లే గద పెద్దమ్మా’ అని కుర్చీ తెచ్చి వేశాడు. అక్కడే మెత్తబడ్డాను.

వెళ్ళిన ప్రతిసారీ మా ఆయనకు ప్రశ్నలు వేసేవాడు. ఈ రోజు ఏ వారం, ఇది ఏ నెల, వందలోంచి ఏడు తీస్తే ఎంత.

‘‘పెద్దనాయినా, మనం ఏ రాష్ట్రంల ఉన్నం?’’

‘‘తెలంగాణల.’’

‘‘ఇంకా ఇయ్యలే పెద్దనాయినా.’’

‘‘నల్లగొండోనివయ్యుండి నువ్వే గట్లంటే ఎట్ల? ఇస్తరు తియ్యి.’’

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వుకుంటూనే సున్నా వేశాడు.

గోలీలు మొదలైన రెండో నెలనుంచి మా ఆయనకు మంచం మీదినుంచి లేస్తే కళ్ళు తిరిగేవి. చెబితే ‘వయసు పెద్దమ్మా’ అనేవాడు. ఒకరోజు పుస్తకం నా ముందుకు జరిపి, ‘‘మాటిమాటికి ఎందుకు పరేషానయితవ్? ముందుగాల్నే నాలుగైదు పేజీల మీద ముద్రలేసి పో. నువ్వు చెప్పిందే రాస్త’’ అన్నాడు. వేశాను. తప్పు నాదే. మా జిల్లా మనిషి అనే ఒక్క మాటకు ఖాళీ కాగితాల మీద బొటనవేలు అద్ది వచ్చాను.

తరవాత మేము దవాఖానకు పోవలసిన రోజే బంద్ వచ్చింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు అని ఉద్యమంవాళ్ళు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి అన్నాలు వండుతున్నారు. ఆ పొద్దున మా ఆయన మంచం దిగి రెండడుగులు వేసి గడప మీద పడ్డాడు. కనుబొమ్మ చీలి ముఖమంతా నెత్తురు. ఎక్కడికీ తీసుకుపోయే దారి లేదు. గల్లీలో సూదులేసే డాక్టరు వచ్చి నాలుగు కుట్లు వేశాడు. దవాఖాన మనిషికి ఫోను చేశాను.

‘‘ఇయ్యాల మా దగ్గర గూడ బందే పెద్దమ్మా. రాకున్నా ఏం గాదు, నేన్ జూసుకుంట.’’

‘‘పడ్డడు బిడ్డా. గది రాయి.’’

‘‘రాస్త, రాస్త.’’

పదిహేను రోజులకు కట్టుతోనే తీసుకుపోయాను. చూసి ‘అరెరె’ అన్నాడు. రాసినవా అంటే ఎప్పుడో రాసిన అన్నాడు.

‘‘ఏం రాసినవో సదువు, వింట.’’

‘‘టైమేడున్నది పెద్దమ్మా? అయినా సదివితే నీకేం సమజైతది?’’

ఆ మాట నన్ను కోసింది. ఇంటికొచ్చి ఓనరమ్మకు చెప్పాను. ‘‘రాశాడో లేదో మీరే చదువుకుంటే తప్ప తెలీదు వదినా’’ అందామె. మరునాటి మధ్యాహ్నమే పలక కొనుక్కుని ఆమె వరండాలో కూర్చున్నాను. అప్పటికి నాకు అరవై దాటాయి.

‘‘ముందు అ, ఆ నేర్చుకుందాం.’’

‘‘గవి తర్వాత. ‘పడ్డాడు’ అని ఎట్ల రాస్తరో గది నేర్పు.’’

‘‘అదేం మాటండీ! ఎవరైనా ‘అమ్మ’ అని మొదలుపెడతారు.’’

‘‘మా అమ్మ పడలే. మా ముసలాయన పడ్డడు.’’

ఆమె నవ్వు ఆపుకోలేక దగ్గింది. కానీ అదే రాసిచ్చింది. ఆ మాట దిద్దిదిద్ది పలక నల్లదనం పోయింది. తరవాత ‘పడలేదు’, ఆ తరవాత ‘కళ్ళు తిరిగాయి’, ‘వచ్చారు’, నెలల పేర్లు. చదువు మీద ప్రేమతో నేర్చుకున్నవాళ్ళు ఉంటారు. నేను కసితో నేర్చుకున్నాను. ఐదు నెలలు పట్టింది. ఈ సంగతి దవాఖానలో పొక్కనివ్వలేదు.

ఒకనాడు అతను చాయ్‌కి పోతూ పుస్తకం బల్ల మీద వదిలిపోయాడు. తిప్పి చూశాను. బంద్ రోజు తారీఖు, కింద నా బొటనవేలు. మధ్యలో అతని రాత: ‘వచ్చారు. పరీక్షించాం. కళ్ళు తిరగడం లేదు. పడలేదు.’ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. నెత్తురు కారుతూ గడప మీద పడ్డ మనిషి ఆ కాగితం మీద నిలబడి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి పోయాడు.

అక్కడే అతని జుట్టు పట్టుకునేదాన్నే, కానీ ఆగాను. ఓనరమ్మ ముందే చెప్పి ఉంచింది, పైవాళ్ళు ఉన్న రోజు చూసి మాట్లాడండని. మందు కంపెనీ తరఫున ఒకామె అప్పుడప్పుడూ బొంబాయి నుంచి వచ్చి కాగితాలు సరిచూసిపోయేది. ఆమె వచ్చేదాకా రెండు నెలలు ఆగాను. ఆ రెండు నెలలూ అతన్ని నవ్వుతూ పలకరించాను. ఒకసారి సకినాలు కూడా చేసి పట్టుకుపోయాను. తింటుంటే ఎదురుగా కూర్చుని చూశాను.

ఆమె వచ్చిన రోజు, పెద్ద డాక్టరు కూడా గదిలో ఉండగా, మా పుస్తకం ఒకసారి ఇయ్యమని అడిగాను.

‘‘పెద్దమ్మకు సదువు రాదు సార్, ముద్రనే ఏస్తది’’ అన్నాడతను.

పేజీ తీసి గట్టిగా చదివాను. తారీఖు నుంచి మొదలుపెట్టి ‘పడలేదు’ దాకా. నా చదువు నత్తనడక. అతని ముఖం పాలిపోవడం మాటమాటకూ చూసుకుంటూ ఇంకా నిదానంగా చదివాను.

‘‘ముద్ర నీదే కదమ్మా?’’ అన్నాడు డాక్టరు.

‘‘నాదే. ఖాళీ పేజీ మీద ఏయించుకున్నడు. గా రోజు బంద్. రోడ్డు మీద అన్నాలు ఒండుతుండ్రు. నా ముసలోడు ఎట్లొచ్చిండు సార్, ఎగిరొచ్చిండా?’’

పక్కనున్న నర్సమ్మ మెల్లగా, ‘‘ఆ రోజు మన ఓపీ కూడా తెరవలేదు సార్’’ అంది. బొంబాయి ఆమెకు డాక్టరు ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె మా పుస్తకం మూసి తన దగ్గర పెట్టుకుని, మిగతా రోగులవి కూడా అన్నీ తెమ్మంది.

నడవాలో అతను నా కాళ్ళ మీద పడ్డాడు. ‘‘నౌకరి పోతది పెద్దమ్మా, పిల్లలున్నరు.’’

‘‘పడ్డవా? రాసుకో మరి.’’

అంతే అన్నాను. మా ఆయన చేయి పట్టుకుని మెట్లు దిగాను. బస్టాపులో మా ఆయన, ‘‘పాపం గా పిల్లగాడు మంచోడు. ఎందుకేడుస్తుండు?’’ అని అడిగాడు. కండ్లల్ల కారం పడ్డదన్నాను.

అతని ఉద్యోగం పోయింది. మా ఆయనను పరీక్షనుంచి తప్పించారు. చాలాకాలానికి, అంతా ముగిశాక, దవాఖాననుంచి పిలిచి చెప్పారు, మా ఆయన మింగినవి పిండి గోలీలని. కళ్ళు తిరిగింది జబ్బు వల్లనో వయసు వల్లనో గానీ మందు వల్ల కాదట. ఓనరమ్మ ఊరుకోలేక, ‘‘అయితే ఆ అబ్బాయి వల్ల మీవారికి జరిగిన నష్టమేమీ లేదన్నమాట. అనవసరంగా ఉసురు పోసుకున్నామేమో వదినా’’ అంది. నాకట్లా అనిపించలేదు. పిండి మింగినవాడు ఎట్లా పడ్డాడో రాస్తేనే గదా, మందు మింగినవాడు పడితే లెక్క తెలిసేది! అది రాయలేదు. పైగా నా వేలు అడ్డం పెట్టుకుని రాయలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడాదే మా ఆయన పోయాడు. ఆ దవాఖాన మనిషి ఇప్పుడు మీర్‌పేట్‌లో ఒక మందుల షాపులో పనిచేస్తున్నాడు. మా గల్లీలోనే రెండు మందుల షాపులున్నాయి. అయినా నా బీపీ గోలీలకు మీర్‌పేట్‌కే పోతాను, అదీ సాయంత్రం గిరాకీ ఎక్కువున్న వేళ చూసి. గోలీల పట్టీ చేతికిచ్చాక కదలను. మందు పేరు, తయారైన నెల, పాడయ్యే నెల, అన్నీ వినబడేటట్టు చదువుతాను. వెనక జనం ‘జల్ది గానియ్యి పెద్దమ్మా’ అని గొణుగుతారు. అతను తల ఎత్తడు. చదవడం అయ్యాక, బిల్లు మీద ఈ రోజు తారీఖు ఉందో లేదో చూపించమంటాను.