నీళ్లు రాని పంపు కొట్టాను

ఈ బరువు గుండెల మీద పెట్టుకునే ఇన్నేళ్లూ వండాను, వడ్డించాను, ఇంట్లో పిల్లలకు కథలు చెప్పాను. ఇదొక్కటే ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను.

తొంభైల్లో మేం వ్యాసర్పాడిలో, రైలు యార్డు గోడ పక్కన ఉండేవాళ్లం. నాకు పదమూడేళ్లు. ఇడ్లీలు అమ్మే మా అమ్మ, యార్డులో దాక్కున్న ఇద్దరు పిల్లల్ని ఇంటికి తెచ్చింది. వల్లి నాకంటే కాస్త చిన్నది. దాని తమ్ముడు చిట్టి పసివాడు. ఊరి బయట ఏదో పరిశోధనశాల నుంచి పారిపోయి వచ్చారు. కడుపులో పడకముందే తమను మార్చేశారని అక్కడి డాక్టర్లు అనుకుంటుంటే విన్నానని వల్లి చెప్పింది. దాని చెవులు మన చెవుల్లాంటివి కావు. వాళ్లను వెతుక్కుంటూ ఒక తెల్ల వ్యాను వస్తూ ఉండేది. అది వంతెన దిగకముందే వల్లికి వినబడేది. తమ్ముణ్ణి చంకనేసుకుని గోడ దూకి పోయేది.

గొట్టంలో నీళ్లు కదిలినా దానికి తెలిసేది. మా వీధిలో నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియని రోజులవి. వల్లి నేలకు చెవి ఆనించి, “వస్తా ఉండాయి పెద్దమ్మా!” అనగానే వీధంతా బిందెలు తీసుకుని చేతి పంపుల దగ్గరికి పరుగు. గొట్టంలో నీళ్లు వస్తేనే ఆ పంపులు కొడితే పడేవి. అంతకుముందు రాత్రుళ్లు నీళ్ల కోసం కాపు కాసి అమ్మను లేపేది నేనే కదా? ఇప్పుడు అమ్మ దాని బుగ్గలు పుణుకుతూ, “నువ్వూ ఉండావు చూడు మే, నిద్రమొగం!” అని నాతో అనేది. నవ్వుతూనే అనేది. నాకు మాత్రం ఒళ్లు మండేది. దిక్కులేని పిల్లని తెలియదా నాకు? తెలుసు. తెలిసే మండింది.

ఒక సాయంత్రం కొట్టుకు పోయి వస్తూ, ఆ వ్యాను వంతెన అవతల ఆగి ఉండటం చూశాను. చెప్పాలనే పరుగెత్తాను. ఆ మాట నిజం. అమ్మ మిల్లులో పిండి ఆడించడానికి పోయింది. వల్లి చిట్టిని పక్కన పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది. ఒంటిమీద నా నీలం పావడా. నన్ను ఒక్క మాటైనా అడక్కుండా అమ్మ ఇచ్చేసింది.

నోట్లోకి వచ్చిన మాట ఆగిపోయింది. గడప పక్కనే ఉన్న ఇనప పంపు పట్టుకుని కొట్టడం మొదలుపెట్టాను. దడేల్, దడేల్.

“అక్కా, ఇప్పుడు నీళ్లు రావు. ఆపక్కా, చెవులు నొప్పెడతా ఉండాయి.”

“వచ్చిందండీ పెద్ద చెవులమ్మ! మా పంపు, మా ఇష్టం. పోయి మాయమ్మతో చెప్పుకో పో.”

అది పోలేదు. చెవులు రెండూ మూసుకుని ఆడనే కూర్చుంది. అందుకే వ్యాను దానికి వినబడలేదు. వ్యానులోవాళ్లు గడప దగ్గరికి వచ్చేదాకా నా చెయ్యి ఆగలేదు. ఇద్దర్నీ లాక్కుపోతుంటే చిట్టి నా పేరే పెట్టి అరిచాడు.

ఎవరూ నన్ను అనుమానించలేదు. పంపు కొట్టడం నేరమా? “నువ్వు చూడలేదా మే?” అని అమ్మ అడిగితే, “నీళ్లు కొడతా ఉంటిని మా” అన్నాను. అందులో అబద్ధమేముంది? అమ్మ ఆ మాటే నమ్మింది. ఆ పిల్లలు ఏమయ్యారో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ రాత్రి అమ్మ ఏడుస్తూ నన్ను గట్టిగా హత్తుకుని పడుకుంది. నన్నొక్కదాన్నే. చీరకొంగు తడిసి నా చెంపకు చల్లగా తగులుతోంది. నాకు ఏడుపు రాలేదు. సంతోషం వేసింది. ఇన్నేళ్లూ నేను దాచింది ఆ సంతోషాన్నే. ఇదిగో, చెప్పేశాను.