కుట్టు టీచరు చెప్పిన జవాబు

ప్రొద్దుటూరులో దర్జీ కొట్టు ముందు మిషను నూనె వాసన తగిలితే మస్తాన్‌బీ టీచరు గుర్తొస్తుంది. జమ్మలమడుగు దగ్గర మా ఊరి బడిలో ఆమె మాకు కుట్టుపని నేర్పేది.

ఒకరోజు బడి కమిటీ పెద్ద క్లాసులోకే వచ్చి ఆమెను అడిగాడు. "ఈ యేడు గ్రాంటు ఒగదానికే సరిపోతాదమ్మా. కుట్టు క్లాసు నడుపుదామా, ఆడపిల్లోళ్లకు బాత్రూములు కట్టిద్దామా?"

"బాత్రూములే కట్టించప్పా. అవి ల్యాకనే పెద్ద పిల్లోళ్లు బడి మానుకుంటాండారు," అందామె.

మేమంటే విసుగొచ్చి, వెళ్లిపోవాలనే అలా అందనుకుని ఏడ్చాను.

మా అక్క పెద్దమనిషి కాగానే బడి మానేసింది. నా వంతు వచ్చేసరికి బాత్రూములున్నాయి. నేను పది దాకా అక్కడే చదివాను. ఆరోజు టీచరు వదులుకున్నది తన జీతాన్నని, నేను ఉద్యోగంలో చేరాక గానీ నాకు తట్టలేదు.